పటానికి పెట్టిన కళ్ళు

మృగశిర కార్తె, మొదటి రోజు
గాలి: నైరుతి, తడిగా ఉంది. నీరు: పోటు. సరుకు: గవ్వలమ్మ పటం, నిద్రలో ఉంది.

పడవ నడిపే సరంగులందరూ చిట్టా రాయాలని లంకల ప్రెసిడెంటు బుల్లెబ్బాయి గారి ఉత్తర్వు. గాలి, నీరు, సరుకు, అంతే. "అంతకుమించి రాయకు మరిడమ్మా, కాగితం గట్టు మీంచి రావాలి" అన్నారాయన. అలా అన్నారు కాబట్టే రాస్తున్నాను. వద్దన్న పనిలో ఉన్న రుచి ఉప్పుచేపలో కూడా లేదు.

పొద్దున్నే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు గీకి, చెంబుడు మంచినీళ్ళతో కడిగాను. తాగే నీళ్ళు అలా ధారపోస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, కానీ అవి మొరాయిస్తే పడవ కదలదు. తర్వాత పాత ఊరి మీదుగా వచ్చాను. అక్కడ నీళ్ళట్యాంకు నెత్తి ఒక్కటే పైకి కనిపిస్తుంది, దాని మీద కొంగలు. కింద వీధులున్నాయి, బడి ఉంది, మా అమ్మమ్మ పుట్టిన ఇల్లుంది. ఆ చోటుకి రాగానే అందరం మోటారు ఆపేసి తెడ్డు వేస్తాం. అలా చెయ్యాలని ఎవరూ చెప్పలేదు.

నా పడవని నిద్రపడవ అంటారు. ప్రయాణంలో పటానికి కళ్ళుండవు మరి. లంకల్ని తాడు కట్టి, గేదెల్ని తోలుకొచ్చినట్టు నీళ్ళ మీద నడిపించుకొచ్చిన గవ్వలమ్మ బొమ్మ అది. లంకలు తేలిన కొత్తలో సోమాలమ్మ అనే ఆవిడ గుడ్డ మీద రాసింది. పచ్చచీర, మెడలో గవ్వలు, వెనక తాడుకి మన లంకలన్నీ. ముఖంలో కళ్ళచోట మాత్రం మైనం పూసి రెండు తెల్లటి జాగాలు వదిలేసింది. ఎందుకమ్మా అంటే, "నేను పెడితే నన్నే చూత్తాది. ఎవరింటికి పోతే ఆళ్ళే పెట్టుకోండి" అందట.

అదే ఆచారమైంది. పటం ఒక్కో ఇంట్లో ఒక్క కార్తె విడిది చేస్తుంది. ఆ ఇంట్లో ఎవరికి తమవాళ్ళ చూపు కరువైందో వాళ్ళు కాటుకతో ఆ కళ్ళు పెడతారు. కార్తె దాటాక కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, "చూసింది చాలు, వెళ్ళిరా" అని సాగనంపుతారు. వెళ్ళు అనకూడదు. వెళ్ళిరా అన్న ఇంటికే మళ్ళీ వంతు.

ఈసారి వంతు పెసరలంకలో మా చెల్లెలు లోవది. మాఘమాసంలో దానికి మగపిల్లాడు పుట్టాడు. ఒక్క రోజున్నాడు. పేరు పెట్టేంత వ్యవధి కూడా మాకు ఇవ్వలేదు. మా మరిది గట్టు మీద ఉప్పుమిల్లులో పనికి పోయాడు, ఇల్లు చూడలేక. లోవ మాత్రం మంచువలలు నేసుకుంటూ కూర్చుంది. తెల్లవారుజామున మంచుని పట్టి నీళ్ళు చేసే వలలు అవి, దాని చెయ్యి మంచి చెయ్యి. ఇంతవరకు నోరు విప్పి ఏడవలేదు. పటం ఇంటికొస్తే ఏడుస్తుందని నా ఆశ. నిజానికి ఈ ప్రయాణంలో నేను మోస్తున్న సరుకు అదే.

మృగశిర కార్తె, నాలుగో రోజు
గాలి సంగతి నాకు తెలీదు. చెల్లెలింట్లో ఉన్నాను.

ఏడ్చింది. దేవుడు చల్లగా చూశాడు.

ముందు రెండు రోజులు పటం ఎదుట ఊరికే కూర్చుంది. మూడో నాటి పొద్దున ఆముదం దీపం మీద కాటుక పట్టి, వేలితో కళ్ళు పెట్టింది. నేను నీళ్ళబిందె దించి, దగ్గరికెళ్ళి చూశాను. అవి గవ్వలమ్మ వయసు కళ్ళు కావు. పెద్దగా, నల్లగా, దేన్నీ పట్టుకోలేక మన భుజం మీంచి వెనక్కి ఎటో చూసే కళ్ళు. వాణ్ణి ఎత్తుకున్నవాళ్ళం మేమిద్దరమే. నాకు వేరే చెప్పక్కర్లేదు.

"ఒక్కసారే తెరిచాడక్కా" అంది. "నా వైపే చూశాడో, దీపం చూశాడో తెలీలేదు. ఇప్పుడు చూత్తున్నాడు గదా."

దాని తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం, తర్వాత చేపలపులుసు వండుకుని తిన్నాం. మృగశిరలో చేప తినకపోతే ఏడాదంతా ఒంట్లో బాగోదంటారు.

మధ్యాహ్నం గట్టు లాంచీలో యోహాను అనే కుర్రాడు దిగాడు. మెడలో కెమెరా, చంకలో గొడుగులాంటి దీపాలు, మొహం నిండా నవ్వు. మా అమ్మమ్మ కాలంలో ఇంటింటా కెమెరాలుండేవట. ఉప్పు వాటిని తినేశాక మళ్ళీ ఇదే చూడటం. లంకల్లో ఉన్న పటాలన్నిటికీ ఫోటోలు తీసి, ఇంటికో వెలుగుపలక ఇచ్చి, అందరి గోడల మీదా చూపిస్తారట. ప్రెసిడెంటు గారి చీటీ కూడా తెచ్చాడు.

టకటకమని తీస్తూనే ఉన్నాడు. "ఇక్కడున్నది ఒక్క పటం గదయ్యా, ఎన్ని తీత్తావు?" అన్నాను.

"ముక్కలు ముక్కలుగా తీసి కుడతానండి సరంగక్కా, బొంత కుట్టినట్టు."

కుట్టి చూపించాడు. అబద్ధమెందుకు, నోరు తెరిచాను. నీళ్ళ రంగులో సోమాలమ్మ కుంచె వెంట్రుక ఒకటి ఊడి అంటుకుపోయి ఉంది. చీర కుచ్చెళ్ళ కింద గోరంత పీత ఉంది. ఇన్నేళ్ళు నెత్తిన పెట్టుకు మోశాను, ఆ పీతని నేనెప్పుడూ చూడలేదు.

"కళ్ళు ఎవరు పెట్టారండి? భలే ఉన్నాయి" అన్నాడు.

"నేనే బాబూ" అంది లోవ.

"తుడిచేస్తారట కదా. ఇంకేం భయం లేదండి. ఇవి ఎప్పటికీ ఉంటాయి."

లోవ అతని వైపు అదోలా చూసింది. దాహం వేసినవాడు చెంబు వంక చూసినట్టు.

ఆరుద్ర కార్తె, మొదటి రోజు
గాలి: పడమర. నీరు: పాటు. వాన. సరుకు: పటం, నిద్రలో.

ఆరుద్ర కురిస్తే దరిద్రం లేదంటారు. తొట్లన్నీ పొర్లిపోతున్నాయి. ఇంత మంచిరోజున నా మనసు బాగోలేదు.

పటం తీసుకెళ్ళడానికి పొద్దున్న వెళ్ళేసరికి లోవ కళ్ళు తుడిచేసి, పటం చుట్టేసి, గుమ్మంలో పెట్టింది.

"వెళ్ళిరా అన్నావా?" అన్నాను.

"ఎందుకక్కా? ఫోటో ఉందిగా. ఆడెక్కడికీ ఎల్లట్లేదు."

మొహం కళకళలాడుతోంది. బిడ్డ పోయాక దాన్ని అలా చూడలేదు. అందుకని ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఆ మాట అనకుండా పటం ఏ ఇల్లూ దాటలేదు ఇంతవరకు. పడవెక్కించాక పటానికి నేనే చెప్పబోయి ఆగాను. కళ్ళు పెట్టినవాళ్ళే చెప్పాలి.

మఖ కార్తె
గాలి: తెరలుతెరలుగా. నీరు: మామూలే. సరుకు: పటం. దిగడం లేదు.

పలకలు వచ్చేశాయి. ఏ ఇంటికెళ్ళినా గోడ మీద గవ్వలమ్మ వెలిగిపోతోంది, లోవ పెట్టిన కళ్ళతో.

మొగలిలంకలో వంతు ఉన్న ఇంటికి పటం తీసుకెళ్తే, ఇంటావిడ గడప మీదే నిలబడి, "అమ్మవారు వచ్చేశారమ్మా, పలకలో ఉన్నారు. ఇంకో అమ్మవారికి చోటెక్కడిది?" అంది. తర్వాతి ఇంట్లో, "పలకలో అయితే దగ్గరికి లాక్కుని చూడొచ్చు సరంగమ్మా, మీదానికి తడి తగలకూడదు, పొగ తగలకూడదు, అల్లుడొచ్చినట్టు మర్యాదలు చెయ్యాలి" అన్నారు. మీదానికి అట! అది నాది ఎప్పుడయిందో.

ఒళ్ళు మండింది. కానీ చివరిలంక సంగతి ఒకటి విన్నాను, అది కూడా రాయాలి. అక్కడ నీటి సుడులకి నా పడవ ఎప్పుడూ పోలేదు, పటం ఆ లంక మొహం చూడలేదు. నూకరాజు తాత మంచం పట్టి ఉన్నాడు. మనవరాలు పలక మొహం దగ్గర పెడితే, తాడు చివరన వేలాడుతున్న చిన్న లంకని వేలితో తడుముతూ, "మనం కూడా ఉన్నామే! మనల్ని కూడా లాక్కొచ్చిందే!" అని వెక్కివెక్కి ఏడ్చాడట. అది విన్నాక కెమెరాని తిట్టడానికి నోరు రాలేదు. నా పడవ చెయ్యలేని పని అది చేసింది. ఒప్పుకుంటాను, సంతోషంగా మాత్రం కాదు.

హస్త కార్తె
గాలి: లేదు. నీరు: అద్దంలా. సరుకు: పటం.

జనం కలల గురించి మాట్లాడుకుంటున్నారు.

పటం విడిది చేసిన ఇంట్లో కలలు రావడం కొత్త కాదు. ఒకరు నీళ్ళ మీద నడుస్తారు, ఇంకొకరు పాత ఊరి బజారులో జామకాయలు కొంటారు, ఎవరి కల వాళ్ళది. ఇప్పుడు అన్ని లంకల్లో అందరికీ ఒకటే కల. మోకాలి లోతు నీళ్ళు, పొగమంచు, ఎదురుగా చిన్నది ఏదో మన వైపు చూస్తున్నట్టే ఉంటుంది. దగ్గరికెళ్తే తెలుస్తుంది, చూసేది మనల్ని కాదు, మన వెనకాల ఎవరినో. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. మెలకువ వచ్చేస్తుంది.

మేలుకున్నా అంతే. "పలక ఏ గోడకి పెట్టినా మా వైపు చూడట్లేదేంటండీ" అని యోహానుకి ఫిర్యాదులు. పాపం అతను గోడలు మార్చాడు, వెలుగు మార్చాడు, పలక తలకిందులు చేశాడు.

నిన్న మొగలిలంక రేవులో పుణ్యవతి అనే ఆవిడ, అయిదుగురు పిల్లల తల్లి, చేపలు ఆరేస్తూ తేల్చేసింది. "పిచ్చోళ్ళల్లారా, అయి పురిటిబిడ్డ కళ్ళు. ఆ వయసులో చూపు ఇంకా నిలవదు. అమ్మ కోసం ఎతుక్కునే చూపది."

ఆ కళ్ళు పెట్టింది ఎవరో అందరికీ తెలుసు. అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. నేను తాడు చుట్టుకుంటూ నిలబడ్డాను.

ఇవాళ పొద్దున్న పటం దింపుకోమని నాలుగిళ్ళు తిరిగాను. నాలుగిళ్ళలోనూ పలక అద్దం మీద, గవ్వలమ్మ బుగ్గన, కాటుకతో దిష్టిచుక్క పెట్టి ఉంది. ఎవరు మొదలెట్టారో తెలీదు. పసిబిడ్డ అని తెలిశాక చుక్క పెట్టకుండా ఎలా ఉంటారు మావాళ్ళు? యోహాను మొదట అద్దం పాడవుతుందని లబోదిబోమన్నాడు, సంగతి తెలిశాక తుడవబోయిన గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

స్వాతి కార్తె
గాలి: ఈశాన్యం తిరిగింది. నీరు: నురగ. సరుకు: పటం, లోవ.

లోవ కాలుకాలిన పిల్లిలా లంకలన్నీ తిరుగుతోంది. ఆ దిష్టిచుక్కలు చూడటానికి.

మొదట్లో నాకూ బాగానే అనిపించింది. ఏ ఇంటికెళ్ళినా, "రా అమ్మా, బాబుని చూసుకో" అని పీట వేస్తున్నారు. అది పలక ముందు కూర్చుంటుంది. ఇంతసేపని లేదు. ఆ ఇంటివాళ్ళు వండుకుంటారు, తింటారు, పడుకోవడానికి చాపలు దులుపుతారు, అది కదలదు. తర్వాత ఇంకో ఇల్లు. దానింట్లోనూ పలక ఉంది, కానీ ఒక్కచోట చూస్తే సరిపోదట. "ఏదో ఒక ఇంట్లో నన్ను చూత్తాడేమో అక్కా. ఇన్నిళ్ళల్లో ఒక్క దాన్లోనన్నా."

వలలు నేయడం మానేసింది. పెసరలంకలో మంచినీళ్ళకి కటకట మొదలైంది, అయినా ఎవరూ దాన్ని ఒక్క మాట అనరు. ఆ మంచితనమే నాకు భయం వేస్తోంది. జబ్బ పట్టుకుంటే ఎముక తగిలింది. నా చెల్లెలు నా కళ్ళముందే అరిగిపోతోంది. ఇంకో బిడ్డ పోయినంత బాధగా ఉంది నాకు, పిల్లలు లేనిదాన్నయినా.

యోహానుని పట్టుకున్నాను. "ఆ ఫోటో చెరిపెయ్యి."

అతని మొహం వాడిపోయింది. "ఎలాగక్కా? పలకల్లోంచి తీసెయ్యగలను. కానీ గట్టు మీద దాన్ని ఎవరెవరు దించుకున్నారో, అక్కణ్ణించి ఎక్కడికి పోయిందో. ఏట్లో కలిసిన వాన నీళ్ళని వెనక్కి తెమ్మంటే ఎలా తెస్తానండి? అసలు నేను తీసే ముందే తుడిపించాల్సింది."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభంలే."

"పలకల్లోంచి అయినా తీసెయ్యనా? ఆవిడని అడగనా?"

అడగడానికి ఇద్దరం వెళ్ళాం. లోవ పలకని గుండెకి హత్తుకుని, "మళ్ళీ సంపుతారా ఆణ్ణి?" అంది. యోహాను బయటికొచ్చి రేవులో కూలబడ్డాడు. కాసేపటికి నేనే వెళ్ళి మజ్జిగ ఇచ్చాను. అతని తప్పేముంది? కెమెరాకి వెళ్ళిరా అనే మాట తెలీదు. ఎవరూ నేర్పలేదు.

మూల కార్తె
గాలి: చలి. నీరు: చలి. సరుకు: పటం. బూజు.

మఖ కార్తె నుంచి పటం ఒక్క ఇంట్లోనూ దిగలేదు. పడవలోనే ఉంటే పచ్చచీర అంచున బూజు పట్టింది. ఎండ వచ్చినప్పుడల్లా పడవ బల్ల మీద పరిచి, మెత్తటి ఈకతో దులుపుతున్నాను. పిల్లకి తల దువ్వినట్టు ఉంటుంది. కళ్ళ జాగాలు రెండూ తెల్లగా, ఖాళీగా, ఎవరి కోసమో తలుపులు తీసి పెట్టినట్టు.

ఇవాళ బుల్లెబ్బాయి గారు కబురు పెట్టారు. వెళ్తే కాసేపు నీళ్ళు నమిలి, చివరికి చెప్పారు. "ఇలా అయితే పటం పాడైపోద్ది మరిడమ్మా. గట్టు మీద చల్లగది ఉందంట. అందులో పెడితే నూరేళ్ళు చెక్కుచెదరదు. ఎండాకాలం దాటాక దింపేసి రా. పడవని మంచినీళ్ళకి ఏత్తాను, నీకేం లోటు రాదు."

"ఆ గదిలో కళ్ళెవరు పెడతారండీ?"

"చీకటి గది కదమ్మా. కళ్ళతో ఏం పని?"

మంచి మనిషే. అందుకే తిట్టలేకపోయాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇప్పుడు ఆ ఉలిపికట్టెని నేనే.

రోహిణి కార్తె, చివరి రోజు
గాలి: వడ. నీరు: కాగుతోంది. సరుకు: పటం. ఎక్కడ దింపాలి: గట్టు.

రోళ్ళు పగిలే ఎండ. రేపు బయల్దేరాలి.

పొద్దుటినుంచీ ఒకటే ఆలోచన. ఆ చల్లగదిలో పెట్టాక పటం మళ్ళీ బయటికి రాదు. కడపటిగా దాన్ని సాగనంపాల్సిన ఇల్లు ఒకటి బాకీ ఉంది. ఆ ఇంటి మాట చెప్పించకుండా నేను దాన్ని ఎవరికి అప్పగించను?

గట్టు తూర్పున లేదు, పడమరన ఉంది. పెసరలంక తూర్పున ఉంది. చిట్టాలో "గాలి వాలు బాగోలేక దారి తప్పింది" అని రాస్తాను. బుల్లెబ్బాయి గారూ, మీరు ఇది చదివితే, గాలి బాగానే ఉంది.

మృగశిర కార్తె, మూడో రోజు
లోవ ఇంట్లో ఉన్నాను.

పటం విప్పి గోడకి తగిలిస్తే అది తిరిగి కూడా చూడలేదు. పలక పక్కనే ఉంది.

"కళ్ళు లేనిదాన్ని నాకెందుకు తెచ్చావక్కా?"

"గట్టుకి పోతోందే, తిరిగి రాదు. నీ వంతులో ఒక మాట మిగిలిపోయింది. అది చెప్పి పంపు."

విననట్టే ఊరుకుంది. రెండు రోజులు అలాగే. నేను వంట చేశాను, దాని వలలు సాపు చేశాను, నా నేతని చూసి కోళ్ళు కూడా నవ్వుతాయి. చివరికి అదే భరించలేక నా చేతిలోంచి లాక్కుని, చిక్కు విప్పుతూ కూర్చుంది. విప్పుతూ విప్పుతూ తలెత్తింది. గోడ మీద పలకలో కళ్ళు, పక్కన పటంలో ఖాళీ. ఎంతసేపు చూసిందో.

"పలకలో ఉన్నట్టే పెడతాను" అంది. "ఆడు ఇక్కడ కూడా ఉంటాడు. అప్పుడు గట్టు మీద చీకట్లో కూడా ఉంటాడు."

వద్దనడానికి మనసు రాలేదు. కాటుక పట్టింది. పలక వైపు చూస్తూ మొదలెట్టింది. కానీ వేలు మైనం మీద పెట్టాక పలక చూడలేదు. నేను పొయ్యి దగ్గర కూర్చుని దాని వీపు చూస్తున్నాను. భుజాలు కదులుతున్నాయి, ఆగుతున్నాయి. ఒకచోట గట్టిగా ఊపిరి పీల్చింది.

"అక్కా."

వెళ్ళాను.

అవి పలకలో కళ్ళు కావు. అవే కళ్ళు, కానీ అవి కావు. నలుపు నిలిచింది. రెప్పల్లో కుదురు వచ్చింది. ఓ మూల కొంటెతనం. గోడ పట్టుకుని నిలబడ్డ పిల్లాడు, చెయ్యి వదిలి అడుగు వేసే ముందు, అమ్మ ఉందా లేదా అని ఓసారి చూస్తాడు చూడండి, ఆ చూపు. సూటిగా లోవ వైపే.

"నేను అలా పెట్టలేదక్కా" అంది. "ఆ చిన్నవే పెడదామనుకున్నాను. చెయ్యి వినలేదు. ఆడు… ఏడాది దాటింది కదా. పెరిగాడక్కా."

పలకలో వాడు ఒక్కరోజు బిడ్డగానే ఉన్నాడు, ఇంకా ఎవరినో వెతుక్కుంటూ. పటంలో వాడికి నడక వచ్చింది. లోవ లోపల, మాకెవరికీ తెలియకుండా, వాడు పాలు మాని, పాకి, గోడ పట్టుకుని లేచాడు. అమ్మ చేతికి ఆ లెక్క తెలుసు. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను. అది మాత్రం నవ్వుతోంది, కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా.

తర్వాత అక్కడే చాప వేసుకుని కునుకు తీశాను. ఇన్నేళ్ళ సరంగుతనంలో నాకు పటం కల రాలేదు, నా దగ్గర అది ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది కదా. ఈసారి వచ్చింది. మోకాలి లోతు నీళ్ళు. పొగమంచు లేదు. చిన్న చిన్న పాదాలు నీళ్ళు చిందిస్తూ పోతున్నాయి, ఎటో తెలీదు. వెనక్కి పిలవాలని కూడా అనిపించలేదు.

ఆరుద్ర కార్తె, మొదటి రోజు
గాలి: నైరుతి. నీరు: పోటు. చినుకులు. సరుకు: కింద రాస్తాను.

కార్తె అంతా లోవ వలలు నేసింది. పటం ఎదుట కూర్చుని, దానికి కబుర్లు చెబుతూ. నీళ్ళకి కటకటపడ్డ ఇళ్ళవాళ్ళు వలలకి వచ్చి, పటం చూసి, కళ్ళు చూసి, వలల సంగతే మర్చిపోయారు. తర్వాత ఒక్కొక్కరే వెళ్తూ వెళ్తూ నా చెవిలో, "మా వంతు ఎప్పుడు సరంగమ్మా?" అన్నారు. పుణ్యవతి అయితే అడగలేదు, ఆర్డరే వేసింది. పోయిన తన మొగుడు ఈపాటికి ఎంత ముసలాడయ్యాడో చూసుకోవాలట.

నిన్న బుల్లెబ్బాయి గారు స్వయంగా వచ్చారు, నన్ను తిట్టడానికి. తిట్టడం మొదలుపెట్టి, పటం వైపు చూసి, చెప్పులు విప్పారు. "గాలి వాలు బాగోలేదంటగా" అన్నారు.

"అవునండీ, గట్టు వైపు గాలి ఇప్పట్లో కుదిరేలా లేదు."

"కుదరకపోతే మనమేం చేత్తాం" అన్నారు.

ఇవాళ పొద్దున్న లోవ తలంటు పోసుకుంది. కొబ్బరినూనె గుడ్డ తీసుకుంది. పటం ముందు నిలబడి, ఆ కళ్ళని తనివితీరా చూసింది. ఒక కన్ను తుడిచింది. చెయ్యి ఆగింది. రెండోది తుడిచింది. తర్వాత, నేను ఏడాదిగా ఎదురుచూసిన మాట, స్పష్టంగా, పక్కింటివాళ్ళకి కూడా వినబడేలా అంది.

"చూసింది చాలు నాయనా. ఎల్లిరా."

వాన చినుకులు ఆ క్షణాన ఆగలేదు, ఏ వింతా జరగలేదు. చెల్లెలు గుడ్డ ఉతికి ఆరేసింది, అంతే. నాకు మాత్రం ఛాతీ మీంచి లంగరు ఎత్తినట్టయింది.

పటం పడవెక్కిస్తుంటే యోహాను రొప్పుకుంటూ రేవులోకి వచ్చాడు, కెమెరా ఊగుతూ. కళ్ళు పెరిగాయన్న కబురు ఎవరో గట్టుదాకా మోసేశారు. "ఒక్కటంటే ఒక్క ఫోటో లోవక్కా! ముందు మిమ్మల్ని అడిగే తీస్తాను."

"తుడిచేశాను తమ్ముడూ."

అతని మొహంలో నవ్వు పోయింది. తల వంచుకున్నాడు. "అయ్యో. మళ్ళీ ఎప్పుడు పెడతారు?"

లోవ పటం చుట్ట మీద చినుకులు పడకుండా కొత్త వల కప్పి, ముడి బిగించింది.

"మా వంతు వచ్చినప్పుడు రా. కానీ అప్పటికి ఆడు పరిగెడుతుంటాడు తమ్ముడూ, నీ పెట్టెకి దొరకడు."

సరుకు: గవ్వలమ్మ పటం ఒకటి, నిద్రలో ఉంది. దిగాల్సిన చోటు: మొగలిలంక, పుణ్యవతి ఇల్లు.